మంబిలా: ఒక భాషా, ఇరవై భాషలా?

అక్షరసంచారి | సోమవారం, ఉదయం 7:40

సభ్యులందరికీ నమస్కారం. తెలుగు వికీపీడియా కోసం పశ్చిమ, మధ్య ఆఫ్రికా భాషల మీద చిన్న చిన్న వ్యాసాలు రాస్తున్నాను. యొరూబా, హౌసా, ఫుల్‌ఫుల్దే పూర్తయ్యాయి. మంబిలా దగ్గర మాత్రం మొదటి వాక్యమే కుదరడం లేదు. నైజీరియాలో తరబ రాష్ట్రపు మంబిలా పీఠభూమి మీదా, దాన్ని ఆనుకొని ఉన్న కామెరూన్‌లోని అదమావా ప్రాంతంలోనూ ఈ మాట వినబడుతుంది. 1990ల నాటి అంచనాల ప్రకారం నైజీరియా వైపు సుమారు లక్ష మంది, కామెరూన్ వైపు సుమారు 30,000 మంది మాట్లాడేవారు ఉన్నారు. అంతవరకూ ఇబ్బంది లేదు. కానీ ప్రపంచ భాషల పట్టికలో దీనికి రెండు వేర్వేరు సంకేతాలు ఉన్నాయి. నైజీరియా మంబిలాకు ఎంజడ్‌కే, కామెరూన్ మంబిలాకు ఎంసీయూ. మరోవైపు అక్కడ పని చేసిన భాషావేత్తలు ఇది ఒకటీ కాదు, రెండూ కాదు, దాదాపు ఇరవై మాటల గొలుసు అంటున్నారు. నేను ఒక వ్యాసం రాయాలా, రెండు రాయాలా? "మాండలికం" అనే మాట వాడవచ్చా, వాడకూడదా? తెలిసినవారు ఓపిగ్గా చెప్పగలరు.

వేమవరం | సోమవారం, ఉదయం 9:05

అక్షరసంచారి గారూ, నాకు ఇందులో పెద్ద చిక్కు కనిపించడం లేదు. ఇది బంటూ భాష అనుకుంటాను. శ్రీకాకుళం మాటకూ చిత్తూరు మాటకూ ఎంత తేడా ఉన్నా రెండింటినీ తెలుగే అంటున్నాం కదా. తెలంగాణ పల్లెలో పెద్దాయన మాట్లాడుతుంటే గుంటూరు నుంచి వెళ్ళిన కుర్రవాడికి పది మాటల్లో మూడు అర్థం కాకపోవచ్చు, అయినా అది వేరే భాష అని ఎవరూ అనరు. మంబిలా కూడా అంతే అనుకొని ఒకే వ్యాసం రాసి, యాసలన్నింటినీ ఒక విభాగంలో పెట్టండి.

స్వరలేఖ | సోమవారం, ఉదయం 11:30

వేమవరం గారూ, ముందుగా ఒక సవరణ. మంబిలా బంటూ భాష కాదు, బంటాయిడ్ భాష. రెండు పేర్లూ దగ్గరగా వినిపిస్తాయి కాబట్టి ఈ పొరపాటు చాలా చోట్ల కనిపిస్తుంది. బంటాయిడ్ అనేది నైజర్-కాంగో కుటుంబంలో బెనూ-కాంగో శాఖకు చెందిన పెద్ద సముదాయం. స్వాహిలీ, జులూ, కాంగో వంటి వందలాది బంటూ భాషలు ఆ సముదాయంలో ఒక కొమ్మ నుంచి దక్షిణానికీ తూర్పుకూ విస్తరించాయి. మంబిలా ఆ కొమ్మ మీదిది కాదు, ఇంటి దగ్గరే నిలిచిపోయిన బంధువు. వూటే, క్వాంజా, వావా, కమ్‌కమ్ వంటి ఇరుగుపొరుగు భాషలతో కలిపి దాన్ని మంబిలాయిడ్ వర్గం అంటారు. బంటూ భాషలు తొలుత బయలుదేరిన చోటు నైజీరియా, కామెరూన్ సరిహద్దు ప్రాంతంలోనే ఉండాలని భాషావేత్త గ్రీన్‌బర్గ్ వాదించారు, ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకొనేది కూడా అదే. అందువల్ల ఈ కొండల్లో మిగిలిన చిన్న భాషలన్నీ ఆ పాత కుటుంబ చరిత్రకు సాక్షులు. బంటూ భాషల్లో నామవాచకాల ముందు వర్గాన్ని తెలిపే ఉపసర్గలు గట్టిగా నిలిచి ఉంటాయి. స్వాహిలీలో ఒక మనిషిని "మ్‌తు" అని, మనుషులను "వాతు" అని అనడం అందుకు ఉదాహరణ. మంబిలాలో ఆ వర్గ వ్యవస్థ దాదాపు అరిగిపోయి, పదాల చివర కొన్ని ఆనవాళ్ళు మాత్రమే మిగిలాయి.

ఇక యాసల సంగతి. మీరు చెప్పిన పోలికలో ఒక ముఖ్యమైన విషయం జారిపోయింది. శ్రీకాకుళం వారినీ చిత్తూరు వారినీ కలిపి ఉంచేది వారి మాటల పోలిక ఒక్కటే కాదు. ఇద్దరూ బడిలో ఒకే వాచకం చదివారు, ఒకే పత్రిక చదువుతారు, ఒకే సినిమా చూస్తారు. వారి యాసలకు పైన అందరిదీ అనిపించుకునే రాతభాష ఒకటి ఉంది. మంబిలాకు అటువంటి ఉమ్మడి భాష లేదు. ఊరికొక మాట ఉంది, ఆ మాటలన్నింటికీ పైన ఉన్నవి ఫుల్‌ఫుల్దే, హౌసా, ఇంగ్లీషు, ఫ్రెంచి. అంటే వాటికి పైనున్నది పరాయి కప్పు. దశాబ్దాలపాటు అక్కడ పనిచేసిన బ్రూస్ కానెల్ ఈ మాటలను తూర్పు, పడమర అని రెండు గుంపులుగా విడదీశారు. పక్కపక్క ఊళ్ళవారికి ఒకరి మాట ఒకరికి బాగానే అందుతుంది, గొలుసు ఈ కొసనున్న ఊరివారికి ఆ కొసనున్న ఊరిమాట అందదు. గొలుసును ఎక్కడ తెంపాలో ఆ గొలుసే చెప్పదు.

కొండదారి | సోమవారం, రాత్రి 8:50

ఈ చర్చ చూసి చాలా కాలం తర్వాత ఇక్కడ రాస్తున్నాను. నేను సర్వే పని మీద ఆ పీఠభూమి మీద రెండు ఎండాకాలాలు గడిపాను. దోంగా నది మీద కట్టాలనుకున్న జలవిద్యుత్తు పథకం, 3,050 మెగావాట్లదని కాగితాల మీద ఉన్నది, దానికి సంబంధించిన పనుల్లో మాది చిన్న భాగం. సెర్తీ దాటి మాయో సెల్బే దగ్గర కొండ మొదలవుతుంది. కింద చెమటలు కారుతుంటే, మలుపులు తిరిగి పైకి చేరేసరికి చలికోటు వెతుక్కోవాలి. పైన అంతా సుమారు 1,600 మీటర్ల ఎత్తున పచ్చిక బయళ్ళు, నీలగిరి చెట్లు, ఫులానీల పశువుల మందలు, కకారా దగ్గర తేయాకు తోటలు. గెంబు పట్టణం నుంచి చూస్తే దోంగా లోయ చాలా దిగువన కనిపిస్తుంది. నైజీరియాలో అన్నింటికంటే ఎత్తైన చప్పల్ వద్ది శిఖరం, 2,419 మీటర్లు, ఆ సరిహద్దు కొండల్లోనే ఉంది.

నా దగ్గర ఇద్దరు మంబిలా కుర్రవాళ్ళు పనిచేసేవారు. ఒకతను వార్‌వార్ వైపు నుంచి, రెండో అతను దొరోఫీ వైపు నుంచి వచ్చాడు. మొదటి వారం వాళ్ళిద్దరూ ఫుల్‌ఫుల్దేలోనే మాట్లాడుకోవడం గమనించి, ఇద్దరూ మంబిలా వాళ్ళే కదా, సొంత మాటలో ఎందుకు మాట్లాడుకోరని అడిగాను. దొరోఫీ అతను కాసేపు ఆలోచించి, "సార్, అతను ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడితే నాకు సగం అందుతుంది, నేను మా ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడితే అతనికి అంతకంటే తక్కువ అందుతుంది, పని దగ్గర సగం అందితే చాలదు" అన్నాడు. కొలత కర్ర పట్టుకుని ఎదురుబొదురు గట్ల మీద నిలబడి అంకెలు అరుచుకునే పని మాది. నాలుగు బదులు ఐదు అని వినిపిస్తే ఆ రోజు కొలతంతా పోతుంది. అతను చెప్పింది నాకు అప్పుడే అర్థమైంది.

మరో సంగతి. అతనికి అవతలివాడి మాట ఎక్కువ అర్థం కావడానికి కారణం కూడా అతనే చెప్పాడు. అతని పిన్ని ఆ వైపు ఊరికి కోడలిగా వెళ్ళింది, చిన్నప్పుడు అక్కడికి పోయి వస్తుండేవాడు.

అక్షరసంచారి | మంగళవారం, ఉదయం 6:55

కొండదారి గారూ, మీరు చివర చెప్పిన ఆ పిన్ని సంగతి నన్ను రాత్రంతా వదలలేదు. "ఈ ఊరివారికి ఆ ఊరి మాట ఇంత శాతం అర్థమవుతుంది" అని పట్టికల్లో రాసిన అంకెల వెనుక ఇటువంటి పిన్నులు ఎంతమంది ఉంటారో అని ఆలోచిస్తున్నాను. స్వరలేఖ గారూ, అసలు ఈ అర్థం కావడాన్ని ఎలా కొలుస్తారు? అలాగే రెండు సంకేతాలు సరిగ్గా దేశ సరిహద్దు పేర్లతో ఎందుకు వచ్చాయో ఎవరైనా వివరిస్తారా?

నల్లమల పాఠకుడు | మంగళవారం, ఉదయం 10:15

సరిహద్దు సంగతి నేను చెబుతాను, చరిత్ర పాఠం చెప్పిన అలవాటు ఇంకా పోలేదు. 1884లో జర్మనీ కామెరూన్‌ను తన వలసగా ప్రకటించుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ వలస చేజారిపోగా, 1919లో బ్రిటన్, ఫ్రాన్సు దాన్ని పంచుకున్నాయి. పీఠభూమి బ్రిటన్‌కూ, దాని దిగువన బాంకిం పరిసరాల్లోని తికార్ మైదానం ఫ్రాన్సుకూ దక్కాయి. మైదానంలోని సోమియే, అట్టా వంటి మంబిలా ఊళ్ళు ఫ్రెంచి వైపు, గెంబు, వార్‌వార్ వంటివి బ్రిటిష్ వైపు పడ్డాయి. బ్రిటిష్ వాటాలోని ఉత్తర భాగాన్ని ఉత్తర కామెరూన్స్ అనేవారు. ఐక్యరాజ్య సమితి పర్యవేక్షణలో అక్కడ 1959లో ఒకసారి, 1961 ఫిబ్రవరిలో మరోసారి ప్రజాభిప్రాయం సేకరించారు. రెండోసారి నైజీరియాలో చేరాలని తీర్పు వచ్చింది, 1961 జూన్ 1న ఆ ప్రాంతం నైజీరియాలో కలిసింది. ఇప్పుడు మంబిలా పీఠభూమి ఉన్న స్థానిక పరిపాలనా ప్రాంతానికి సర్దౌనా అని పేరు. ఉత్తర నైజీరియా నాయకుడు, సొకోటో సర్దౌనా అయిన అహ్మదు బెల్లో బిరుదు అది. 1991 నుంచి అది తరబ రాష్ట్రంలో భాగం.

అంతకు ముందు పందొమ్మిదో శతాబ్దంలో బన్యో పట్టణపు ఫుల్బే (ఫులానీ) పాలకులు ఈ ఊళ్ళ మీద బానిసల కోసం దాడులు చేసేవారు. మనుషులు కొండ మీదికీ కిందికీ చెదిరిపోవడానికి అది ఒక ముఖ్యమైన కారణం. సోమియేవారు కూడా తమ పూర్వికులు పీఠభూమి నుంచి దిగివచ్చారనే చెప్పుకుంటారు. కాబట్టి ఆ గీత గీసినవారు మాటను విని గీయలేదు, మనుషుల రాకపోకలను చూసి కూడా గీయలేదు. అంతటితో సంగతి ముగియలేదు కూడా. గీత పడ్డాక ఒక వైపు పిల్లలు ఇంగ్లీషు బడికి, ఇంకో వైపు పిల్లలు ఫ్రెంచి బడికి వెళ్ళారు. వందేళ్ళలో అరువు మాటలు వేరయ్యాయి, అక్షరాలు వేరయ్యాయి. గీతకు మొదట భాషాపరమైన అర్థం లేకపోయినా ఇప్పుడు కొంత వచ్చి చేరింది. పేరు రాయడంలో కూడా ఆ తేడా కనిపిస్తుంది. నైజీరియా వైపు పీఠభూమి పేరును "ల" ఒత్తి "మంబిల్లా" అన్నట్టు రాస్తారు, భాష మీద పనిచేసినవారు ఎక్కువగా ఒక్క "ల"తో రాస్తారు.

స్వరలేఖ | మంగళవారం, మధ్యాహ్నం 2:20

మాస్టారూ, ఇంత చక్కగా చెప్పినందుకు కృతజ్ఞతలు. నేను కొలతల సంగతికి వస్తాను.

అర్థం కావడాన్ని కొలవడానికి వాడుకలో ఉన్న పద్ధతి ఇది. ఒక ఊరిలో ఒకరు తమ జీవితంలో జరిగిన చిన్న సంఘటన చెబితే రికార్డు చేస్తారు. దాన్ని ఇంకో ఊరిలో కొద్దిమందికి విడివిడిగా వినిపించి, మధ్యమధ్య ఆపి ప్రశ్నలు అడుగుతారు. ఎన్నింటికి సరైన జవాబు వచ్చిందో దాన్ని బట్టి శాతం కడతారు. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. అది కొండదారి గారి అనుభవంలోనే ఉంది. విన్నవాడికి అర్థమైనది భాషల పోలిక వల్లా, లేక సంతకో చుట్టరికానికో వెళ్ళి వినివిని నేర్చుకోవడం వల్లా అన్నది ఆ అంకె చెప్పదు. సంత ఉన్న ఊరి మాట అందరికీ అర్థమవుతుంది, మూల ఊరి మాట ఎవరికీ అర్థం కాదు, కాబట్టి ఈ అర్థం కావడం రెండు వైపులా సమానంగా ఉండదు. ఇంకో పద్ధతి, పదాల జాబితాలు పోల్చి శాతాలు కట్టడం. వంద, రెండు వందల మూల పదాలు తీసుకొని ఎన్ని ఒకే మూలం నుంచి వచ్చాయో లెక్కపెడతారు. అది దూరపు చుట్టరికాన్ని అంచనా వేయడానికి పనికొస్తుంది కానీ, ఊళ్ళు శతాబ్దాలుగా మాటలు ఇచ్చిపుచ్చుకున్న చోట ఏది వారసత్వం, ఏది అరువు అని తేల్చడమే కష్టం. అందువల్ల ఇటువంటి చోట నేను శాతాల కంటే ధ్వనుల మార్పుల మీదనే ఎక్కువ నమ్మకం పెడతాను. ఒక మార్పు ఏయే ఊళ్ళలో జరిగింది, ఏ ఊరి దగ్గర ఆగిపోయింది అని చూస్తే గుంపులు తామే కనిపిస్తాయి.

ఇక ఈ భాష ధ్వనుల గురించి రాయకుండా ఉండలేను, నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం అదే. మంబిలాలో నాలుగు స్వర స్థాయులు, అంటే గొంతు ఎత్తులో నాలుగు మెట్లు, ఉన్నాయి. మన తెలుగులో ప్రశ్నకూ ఆశ్చర్యానికీ గొంతు పైకీ కిందికీ పోతుంది, కానీ "కల" అన్న మాటను ఎంత ఎత్తులో పలికినా అది కలే. మంబిలాలో అచ్చులూ హల్లులూ ఒకటే అయిన రెండు మాటలు గొంతు ఎత్తును బట్టే వేర్వేరు మాటలవుతాయి. రెండు స్థాయుల భాషలు ఆఫ్రికాలో ఎన్నో ఉన్నాయి, మూడు స్థాయులకు యొరూబా పేరుపొందింది, నాలుగు స్థాయులు చాలా తక్కువ. హార్మోనియం మీద దగ్గర దగ్గరగా నాలుగు మెట్లు నొక్కి, ఆ నాలుగింటినీ మాట్లాడే వేగంతో గుర్తుపట్టడానికి ప్రయత్నించండి. మగవారి గొంతు, ఆడవారి గొంతు, అలసిన గొంతు వేర్వేరు ఎత్తుల్లో ఉంటాయి కాబట్టి, వినేవారు ప్రతి మనిషికీ ఆ మెట్లను కొత్తగా అమర్చుకోవాలి. దాన్ని అక్కడి పిల్లలు నడక నేర్చే వయసులో నేర్చుకుంటారు. పైగా "ఇ", "ఉ" వంటి మూసిన అచ్చులు ఏ భాషలోనైనా సహజంగా కొద్దిగా ఎత్తుగా, "ఆ" వంటి తెరిచిన అచ్చు కొద్దిగా దిగువగా పలుకుతాయి. నాలుగు మెట్లు ఇరుకుగా ఉన్న భాషలో ఈ చిన్న తేడా మెట్ల తేడాను చెరిపేయకుండా ఎలా ఉంటుందన్నది మంచి ప్రశ్న. కానెల్ మంబిలా మాటలను ఆధారం చేసుకొని ఈ విషయాన్ని కొలిచి చూశారు.

హల్లుల్లో "క్ప", "గ్బ" అనేవి ఉన్నాయి. వాటిని మన లిపిలో రాస్తే సంయుక్తాక్షరాల్లా కనిపిస్తాయి, కానీ కావు. "క" కోసం నాలుక వెనుక భాగం అంగిలికి తగిలి ఉండగానే పెదవులు కూడా మూసి, రెంటినీ ఒక్కసారే విడవాలి. పెదవుల దగ్గర చిన్న బుడగ పగిలినట్టు వినిపిస్తుంది. ఇంకో విశేషం లెన్ అనే ఊరి మాటలో ఉంది. అక్కడ కొన్ని అచ్చులు రాపిడితో పలుకుతాయి. "ఇ" వంటి మూసిన అచ్చును సాగదీసి పలుకుతూ, గాలి దారిని ఇంకాస్త బిగించి, అచ్చు ఆగకుండానే "జ్జ్జ్" వంటి రాపిడి వినిపించేటట్టు చేయండి. మనకు అచ్చు అంటే అడ్డులేని గాలి అని వ్యాకరణం నేర్పింది. లెన్ వారి అచ్చుల్లో అడ్డు ఉంది, అయినా అవి అచ్చులే. ఇటువంటి తేడా ఒక ఊరికి ఉండి పక్క ఊరికి లేకపోవడం చూసినప్పుడే ఈ మాటలను ఒకే మూటగా కట్టేయడానికి నాకు మనసొప్పదు.

వేమవరం | మంగళవారం, రాత్రి 9:10

స్వరలేఖ గారూ, నా పోలిక తొందరపాటుదని ఒప్పుకుంటున్నాను. బంటూ, బంటాయిడ్ తేడా కూడా ఈ రోజే తెలిసింది. మీరు చెప్పినట్టు అచ్చును రాపిడితో పలకాలని ఒక గంటసేపు ప్రయత్నించాను, మా అమ్మాయి కూడా వచ్చి కూర్చుంది. తనకు నాకంటే ముందే వచ్చింది.

ఒక సందేహం. నాలుగు స్థాయులు ఉన్న భాషను రాయడం ఎలా? ప్రతి అచ్చు మీద గుర్తు పెట్టాలా? ఏ ఊరి మాటను రాయాలి?

పాలపిట్ట | బుధవారం, ఉదయం 8:00

వేమవరం గారి ప్రశ్న నా పనికి చాలా దగ్గరది. నేను ఏజెన్సీ ప్రాంతంలో పిల్లలకు వారి ఇంటి భాషలో మొదటి వాచకాలు తయారుచేసే పనిలో కొన్నాళ్ళు ఉన్నాను. గోండీ, కోయ, కొలామి, కువి, సవర, కొండ వంటి భాషల్లో బడి పుస్తకాలు తెచ్చిన కాలం అది. అక్కడ నేను నేర్చుకున్నది ఏమిటంటే, అక్షరాలు ఎంచుకోవడం కంటే ఏ ఊరి మాటను పుస్తకంలో పెట్టాలన్నది తేల్చడం కష్టం. ఒక కథలో "వాన" అనే మాట కోసం మూడు ఊళ్ళవారు మూడు మాటలు చెప్పి, మూడూ మావే అన్నారు. మాటలను ఓటు వేసి ఎంచుకోలేం కదా. ఒక పాఠంలో ఒకటి, ఇంకో పాఠంలో ఇంకొకటి వేసి, చివర ఒక చిన్న పట్టిక పెట్టాం. పిల్లలు ఆ పట్టికను పాఠం కంటే ఎక్కువ ఇష్టంగా చదివారు.

మంబిలా విషయంలో నాకు తెలిసింది ఇది. కామెరూన్ వైపు అట్టా ఊరి మాట మీద, భాషల మీద పనిచేసే ఎస్‌ఐఎల్ సంస్థకు చెందిన మోనా పెరిన్ ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆమె, మార్గరెట్ హిల్ కలిసి 1969లో అట్టా మాట ధ్వని నిర్మాణాన్ని వివరించారు. కామెరూన్‌లో భాషలన్నింటికీ పనికివచ్చే ఉమ్మడి అక్షరమాల 1979లో ఆమోదం పొందింది. ఒక భాషకు నేర్చుకున్న అక్షరాలు పక్క భాషకు కూడా ఉపయోగపడాలన్నది దాని ఉద్దేశం, ఇన్ని వందల భాషలున్న దేశానికి అది మంచి ఆలోచన. అయితే నైజీరియా వైపు బడి అలవాటు వేరు, ఇంగ్లీషు అక్షరాల అలవాటు వేరు. కాబట్టి అన్నదమ్ముల పిల్లలు ఒకే మాటను రెండు రకాలుగా రాసే పరిస్థితి వస్తుంది.

మన గోండీ కూడా అంతే. ఆదిలాబాదులో తెలుగు లిపి, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ వైపు దేవనాగరి, గుంజాల ఊరిలో దొరికిన పాత ప్రతుల్లో సొంత లిపి. గొలుసులాంటి భాషను రాష్ట్రాల గీతలు ముక్కలు చేసినప్పుడు ఏమవుతుందో మనకు పరాయి ఉదాహరణ వెతకనక్కరలేదు.

స్వర గుర్తుల సంగతి కూడా చెబుతాను. నాలుగు స్థాయులకూ గుర్తులు పెడితే పేజీ నిండా గీతలే కనిపించి, కొత్తగా చదవడం నేర్చుకునేవారు భయపడతారు. అసలు పెట్టకపోతే చదివేవారు ప్రతి మాట దగ్గరా ఆగి ఊహించాలి. మధ్య దారి అంటే ఎక్కడ గుర్తు లేకపోతే అర్థం తారుమారవుతుందో అక్కడ మాత్రమే గుర్తు పెట్టడం. కానీ ఎక్కడ తారుమారవుతుందో తేల్చడానికి ఆ ఊరిలో కూర్చుని చదివించి చూడాల్సిందే, గదిలో కూర్చుని నిర్ణయించలేం.

కొండదారి | బుధవారం, మధ్యాహ్నం 12:40

పాలపిట్ట గారూ, మీరు అన్న మూడు మాటల పట్టిక నాకు చాలా నచ్చింది. మా దొరోఫీ కుర్రవాడు నా డైరీలో తన ఊరి మాటలు కొన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాడు. మరునాడు అవే మాటలు చదవమంటే ఒకటి రెండు చోట్ల తను రాసింది తనే పోల్చుకోలేకపోయేవాడు. నాకు అప్పుడు నవ్వులాటగా అనిపించింది, ఈ రోజు కారణం తెలిసింది. ఎత్తు రాయకుండా మాట రాశాడు.

నల్లమల పాఠకుడు | బుధవారం, సాయంత్రం 5:30

ఈ ప్రాంతం గురించి రాసేటప్పుడు ఇంకొక విషయం వదిలిపెట్టకూడదు. మంబిలా ఊళ్ళ మధ్యనే ఇంకా చిన్న భాషలు ఉండేవి, కొన్ని ఉన్నాయి. 1994-95లో కానెల్ కామెరూన్‌లోని మంబిలా ప్రాంతంలో తిరుగుతున్నప్పుడు కసాబే అనే భాష మాట్లాడే ఒకే ఒక్క మనిషి, బొగోన్ అనే ఆయన, కనిపించారు. అప్పటికి కొద్దిపాటి పదాలు మాత్రమే రాసుకోగలిగారు. మిగిలింది సేకరించాలని 1996 నవంబరులో మళ్ళీ వెళ్ళేసరికి ఆయన కన్నుమూసి ఉన్నారు. ఆయన చెల్లెలికి ఆ భాష వింటే తెలిసేదట గానీ మాట్లాడటం రాదు, పిల్లలకూ మనవలకూ ఏమీ రాదు. నేను ఈ సంగతి చదివిన రోజు, పెద్దవాళ్ళు పోయాక పల్లెలో అడగడానికి ఎవరూ లేకుండాపోయిన మా ఇంటి పాటలు గుర్తొచ్చి, ఆ పుట దగ్గరే చాలాసేపు ఉండిపోయాను.

సోమియే ఊరిలోనే న్జెరెప్ అనే ఇంకో భాష ఉండేది. 2000 ప్రాంతంలో దాన్ని మాట్లాడేవారు నలుగురైదుగురు, అందరూ వృద్ధులు. వారు రోజూ మాట్లాడేది సోమియే మంబిలా. ఈ ఊరిలో 1985 నుంచి పనిచేసిన మానవశాస్త్రవేత్త డేవిడ్ జైట్లిన్, కానెల్ కలిసి ఆ భాషను నమోదు చేశారు.

స్వరలేఖ | బుధవారం, రాత్రి 7:45

మాస్టారూ, మీరు చెప్పినది ఈ చర్చకు గుండెకాయ వంటిది. పెద్ద భాషల నీడలో మంబిలా చిన్నది. కానీ న్జెరెప్ పక్కన నిలబెడితే మంబిలాయే పెద్దది. సోమియేలో న్జెరెప్ వారిని కలుపుకున్నది ఇంగ్లీషూ కాదు, ఫ్రెంచీ కాదు, ఫుల్‌ఫుల్దే కూడా కాదు. ఆ ఇళ్ళ పిల్లలు పక్కింటి పిల్లలతో ఆడుకుంటూ మంబిలా వారయ్యారు, వారి పూర్వికులు వేరే భాషవారన్న సంగతి ఊరి కథల్లో మిగిలింది. కాబట్టి ఈ రోజు "సోమియే మాట" అని మనం అంటున్నదానిలోనే కొండ దిగి వచ్చినవారూ, ముందు నుంచి అక్కడున్నవారూ కలిసి ఉన్నారు. ఊరి మాటలు వేరుపడుతూ పోవడం ఒక్కటే జరగదు, కలిసిపోవడం కూడా జరుగుతుంది. చెట్టు కొమ్మల బొమ్మ గీసి చూపించినప్పుడు ఈ కలయిక కనిపించదు, నా విద్యార్థులకు ఆ బొమ్మ గీసిన ప్రతిసారీ ఈ లోటు చెబుతాను.

సోమియే గురించి మరొక్క మాట. అక్కడ నగం అనే సోదె పద్ధతి ఉంది. నేల బొరియలో ఉండే సాలీడు మీద కుండ బోర్లించి, గుర్తులు కోసిన ఆకు ముక్కలను లోపల పెట్టి, ఒక కర్ర, ఒక రాయి చెరో వైపు ఉంచి ప్రశ్న అడుగుతారు. సాలీడు ఆకులను ఎటు కదిపిందో చూసి జవాబు చదువుతారు. జైట్లిన్ దీని మీద విస్తారంగా పనిచేశారు. భాష వ్యాసంలో దీనికి చోటెందుకని అనుకోవచ్చు. ప్రశ్న అడిగే తీరు, దాన్ని అవును-కాదు జవాబుకు సరిపోయేటట్టు మలిచే తీరు, మధ్యలో పెద్దలు సవరించే తీరు, ఇదంతా మాట్లాడే భాషకు దొరికే అరుదైన నమూనా. పదాల జాబితాలో అది దొరకదు.

అక్షరసంచారి | గురువారం, ఉదయం 7:10

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మూడు రోజుల్లో నా అభిప్రాయం మారింది. రెండు దేశాల పేరుతో రెండు వ్యాసాలు రాయను. మంబిలా పేరుతో ఒక ప్రధాన వ్యాసం, అందులో తూర్పు, పడమర గుంపుల వివరణ, సరిహద్దు చరిత్రకు ఒక భాగం, రెండు సంకేతాలు ఎందుకు ఉన్నాయో ఒక పేరా ఉంటాయి. అట్టా, సోమియే, లెన్, గెంబు, వార్‌వార్ వంటి ఊరి మాటల్లో సమాచారం దొరికినవాటికి విడి వ్యాసాలు పెడతాను. కసాబే, న్జెరెప్‌లకు తప్పనిసరిగా విడి వ్యాసాలు ఉంటాయి, మంబిలా వ్యాసంలో ఒక మూలన పెట్టను.

మొదటి వాక్యం ఇలా రాశాను, సరిచూడండి. "మంబిలా, నైజీరియాలోని మంబిలా పీఠభూమి మీదా, దాని దిగువన కామెరూన్‌లోని తికార్ మైదానంలోనూ మాట్లాడే, సుమారు ఇరవై మాండలికాలు గల బంటాయిడ్ భాష, కామెరూన్ వైపు కొన్ని ఊళ్ళవారు తమ మాటను జు బా అని పిలుస్తారు."

స్వరలేఖ | గురువారం, ఉదయం 9:25

చాలా వరకు బాగుంది. ఒక్క మార్పు సూచిస్తాను. "మాండలికాలు గల భాష" అంటే పైన ఒక అసలు భాష ఉండి, దాని కింద ఇవన్నీ శాఖలైనట్టు ధ్వనిస్తుంది. ఇక్కడ ఆ అసలు భాష ఎక్కడా లేదు. "సుమారు ఇరవై ఊరి మాటల గొలుసు" అని రాయండి. "జు బా" అన్నదానికి అర్థం కూడా పక్కనే చేర్చండి. బా అంటే వారు తమను తాము పిలుచుకునే పేరు, జు అంటే మాట. జు బా అంటే బా వారి మాట. "క్ప" అక్షరం గురించి పెట్టే గమనికలో అది సంయుక్తాక్షరం కాదన్న వాక్యాన్ని మాత్రం తప్పక ఉంచండి, లేకపోతే చదివేవారందరూ "క్" అని ఆగి "ప" అంటారు.